నిమ్మతోట బోరు దగ్గర ఆరు నెలలు: ప్రాజెక్టు డైరీ

జనవరి 19

ఐఐటీల ఆచార్యులు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పే ఎన్‌పీటెల్‌లో రెండు కోర్సులకు పేరు ఇచ్చాను. ఒకటి ఎంబెడెడ్ సిస్టమ్స్ (పరికరాల్లో ఇమిడి ఉండే చిన్న కంప్యూటర్లు), రెండోది మెషీన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరు నేర్చుకోవడం). వారం వారం వీడియోలు వస్తాయి, వారానికో అసైన్‌మెంటు ఉంటుంది, ఆఖర్లో నెల్లూరు వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 మార్కులు, పరీక్షకు 75. పాఠాలు చూడటానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్ష రాస్తేనే ఫీజు. దీంతోపాటు చిన్న బోర్డుల మీద మెషీన్ లెర్నింగ్ నడపడం నేర్పే హార్వర్డ్ వాళ్ల టైనీ ఎంఎల్ పాఠాలను ఎడెక్స్ అనే వెబ్‌సైటులో చూస్తున్నాను. డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివి పదేళ్లు దాటింది. పెళ్లయ్యాక పొదలకూరు నుంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికి ఉన్న ఈ ఊరికి వచ్చాను. రాత్రి గిన్నెలు సర్దుకున్నాక తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా నా చదువు. ఇంట్లో సిగ్నల్ అందదు కాబట్టి మిద్దె ఎక్కి ఆ వారం వీడియోలన్నీ ఒకేసారి దించుకుంటాను.

టైనీ ఎంఎల్ పాఠాల్లో అభ్యాసానికి ఇచ్చేది 'యెస్', 'నో' అనే మాటలను చిన్న బోర్డు గుర్తుపట్టేలా చేయడం. అది నేర్చుకుంటాను. కానీ నాకు సొంతంగా చేయాలని ఉన్నది వేరే పని, మా బోరు పని.

పోయిన మే నెలలో మా మోటారు కాలిపోయింది. మధ్యాహ్నం ఎండలో తోటలో ఎవరూ లేరు. బోరులో నీళ్లు తగ్గి, పంపు గాలి లాగుతూ గంటకు పైగా తిరిగింది. సబ్‌మెర్సిబుల్ మోటారు పంపుకు కింద ఉంటుంది. పైకి పోయే నీళ్లు దాని ఒంటిని రాసుకుంటూ పోతాయి కాబట్టే అది చల్లగా ఉంటుంది. ఆ రాక ఆగితే లోపలి వేడి పోవడానికి దారి లేదు. సాయంత్రం మామయ్య వెళ్లి స్టార్టరు నొక్కితే మోటారు ఎత్తుకోలేదు. 420 అడుగుల నుంచి పైకి లాగి, వైండింగ్ చేయించి, మళ్లీ దించేసరికి ఆరు రోజులు. ఆ ఆరు రోజుల్లో చెట్లు పిందె రాల్చేశాయి. నిమ్మకు ధర ఉండేది వేసవిలోనే. నాలుగెకరాల మీద ఆ ఏడాది లెక్క అక్కడే దెబ్బతింది.

నీళ్లు లేనప్పుడు మోటారును ఆపే డ్రైరన్ ప్రివెంటర్లు బజారులో దొరుకుతాయి. మాకూ ఒకటి ఉండేది. నీళ్లు బాగానే పోస్తున్నా మోటారును ఆపేస్తుంటే విసిగిపోయి మామయ్య దాన్ని తీసేయించారు. అందువల్ల నేను చేయబోయే పెట్టె నీళ్లు లేనప్పుడు ఆపితే చాలదు. నీళ్లు ఉన్నప్పుడు ఆపకుండా ఉండాలి. ఈ రెండో షరతు కష్టమని నాకు ఇప్పుడే అనిపిస్తోంది.

జనవరి 27

సామాన్లు వచ్చాయి. మోటారు లాగే కరెంటులో మార్పును బట్టి నీళ్ల సంగతి పట్టుకోవాలని నా ఆలోచన. ఈఎస్పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, తీగలో పోయే కరెంటును కొలిచే ఎస్‌సీటీ-013 కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ (అందరూ సీటీ అంటారు, నేనూ అలాగే రాస్తాను), ఏడీఎస్1115 అనే చిన్న చిప్పు, డీఎస్3231 గడియారం, ఎస్‌డీ కార్డు పెట్టే మాడ్యూల్. హార్వర్డ్ పాఠాల్లో వాడే ఆర్డుయినో నానో 33 బీఎల్ఈ సెన్స్ ధర నాకు ఎక్కువ. లెక్కలు అవే కాబట్టి బోర్డు మారితే నష్టం లేదు.

సీటీ రెండుగా తెరుచుకుంటుంది. తీగను కోయకుండా దాని చుట్టూ బిగించవచ్చు. తీగలో 100 ఆంపియర్లు పోతే సీటీ నుంచి 50 మిల్లీఆంపియర్లు వస్తాయి. మా మోటారు 5 హెచ్‌పీ, లాగేది ఎనిమిది ఆంపియర్లు. అంటే నాకు వచ్చేది నాలుగు మిల్లీఆంపియర్లే. అంత చిన్న సంకేతంలో తేడాలు పట్టుకోవడం కష్టం. దీనికి ఒక తేలిక ఉపాయం ఉంది. అదే తీగను సీటీ రంధ్రంలోంచి మూడుసార్లు చుడితే అది 24 ఆంపియర్లు అనుకుంటుంది, 12 మిల్లీఆంపియర్లు ఇస్తుంది. 22 ఓమ్‌ల రెసిస్టరు మీద అది సుమారు 0.26 వోల్టులు. చదవడానికి ఇది చాలు.

ఏసీ సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది, చిప్పుకు సున్నా కంటే కింది వోల్టేజీ ఇవ్వకూడదు. అందుకని 3.3 వోల్టులను రెండు 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్లతో సగం చేసి, ఊగే చోటును 1.65 వోల్టులకు ఎత్తాను. డిగ్రీ ల్యాబులో ఇదే సర్క్యూట్‌ను రికార్డు కోసం గీశాను. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఈఎస్పీ32లోనే అనలాగ్ రీడింగు తీసుకునే, అంటే వోల్టేజీని అంకెగా మార్చే వీలుంది, 0 నుంచి 4095 దాకా అంకెలు ఇస్తుంది. మల్టీమీటరు పక్కన పెట్టి పోల్చి చూశాను. మధ్యలో బాగానే ఉంది, రెండు చివర్లలో గీత వంగిపోతోంది. అందుకే ఏడీఎస్1115. అది 16 బిట్లు, సెకనుకు ఎక్కువలో ఎక్కువ 860 రీడింగులు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఒక ఊపుకు 17 రీడింగులు పడతాయి. మూడు ఫేజులూ చదవాలంటే ఆ 860ని మూడుగా పంచాలి, ఊపుకు ఆరు కూడా రావు. ఒక రోజంతా ఆలోచించి ఒకే ఫేజు చదవాలని నిర్ణయించాను. ఫేజు పోతే ఆపే పని స్టార్టరు ఇప్పటికే చేస్తోంది. నాకు కావలసింది నీళ్ల సంగతి.

ఫిబ్రవరి 4

పెట్టె బిగించాం. పొదలకూరులో మోటార్లు వైండింగ్ చేసే మెకానిక్ అన్నను పిలిపించుకున్నాను. స్తంభం దగ్గర ఫ్యూజులు తీసేదాకా పెట్టె మూత కూడా తెరవనివ్వలేదు ఆయన. సీటీ వైర్లను రెసిస్టరు లేకుండా ఊరికే వదిలేయకూడదని పాఠంలో చదివాను. చివరల మధ్య వోల్టేజీ పెరిగిపోతుంది. అందుకని రెసిస్టరు ముందే సోల్డర్ చేసుకుని వెళ్లాను.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది అనుకోని చిక్కు. బోరు దగ్గరికి వచ్చేవి మూడు ఫేజులే, న్యూట్రల్ లేదు. ఒక ఫేజు, నేలలో పాతిన కమ్మీ కలిపి బల్బు వెలిగించుకునేవాళ్లు చుట్టుపక్కల ఉన్నారు. తడి నేల మీద అది ప్రాణానికే ప్రమాదం. నేను ఆ పని చేయను. 10 వాట్ల సోలార్ ప్యానెల్, 12 వోల్టుల బ్యాటరీ, దాన్ని 5 వోల్టులకు దించే చిన్న బోర్డు. ఖర్చు పెరిగింది కానీ రాత్రి నిద్ర పడుతుంది.

స్టార్టరు పెట్టెలో మొదట చేసిన పని చచ్చిన బల్లిని తీయడం. రంధ్రాలన్నీ ఎంసీల్‌తో మూసేశాను.

ఫిబ్రవరి 16

రోజూ సాయంత్రం కార్డు తెచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తున్నాను. సెకనుకు ఒక విలువ. 7.9, 7.9, 8.0, 7.9. గీత గీసినట్టు ఉంది. మాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, సంక్రాంతి దాటినా బోర్లు నిండుగానే ఉంటాయి. కాబట్టి నా దగ్గర 'బాగుంది' అనే డేటా కుప్పలు ఉంది, 'బాగోలేదు' అనేది ఒక్క నిమిషం కూడా లేదు.

గేటు వాల్వు మూసి నీళ్లు ఆపితే డేటా వస్తుంది కదా అని మెకానిక్ అన్నను అడిగాను. "వాల్వు మూస్తే లోపల నీళ్లు అట్టాగే ఉంటాయమ్మా, సుళ్లు తిరిగి వేడెక్కుతాయి. గాలి లాగేది వేరే. నువ్వు నేర్పాలనుకున్నది అది కాదు గదా" అన్నారు. ఆయన చెప్పింది నిజం. ఒక జబ్బు లక్షణాలు నేర్పాలని ఇంకో జబ్బు తెచ్చిపెట్టినట్టు అవుతుంది. వేసవి వచ్చేదాకా ఆగాల్సిందే.

కోర్సులో డేటా ఫైలు తెరిస్తే చాలు, పక్కనే ఏది ఏ రకమో రాసి ఉంటుంది. దాన్ని ఎవరు పోగు చేశారు, ఎన్ని రోజులు ఆగారు అన్నది ఇన్ని వారాల్లో నేను ఒక్కసారీ ఆలోచించలేదు.

ఫిబ్రవరి 23

నాలుగో వారం పాఠం మూడుసార్లు విన్నాను. వేరియన్స్, స్టాండర్డ్ డీవియేషన్ అంటూ ఆచార్యులు వేగంగా పోతున్నారు. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. అటక మీద నుంచి ఇంటర్ రెండో ఏడాది లెక్కల పుస్తకం దించాను. విస్తృతి, ప్రామాణిక విచలనం. అవే! సగటు చుట్టూ విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత. పదిహేనేళ్ల కిందట చేతితో ఎన్నో లెక్కలు చేశాను. ఆ రాత్రి పాఠం నాలుగోసారి వింటే కొత్తగా ఏమీ లేదు, తెలిసిన సంగతే ఇంకో పేరుతో వచ్చింది. తెలుగులో చదువుకున్న పిల్లలు ఈ కోర్సులకు వస్తే పాత పుస్తకాలు పక్కన పెట్టుకోమని గట్టిగా చెబుతాను.

మార్చి 30

ఈరోజు దొరికింది. ఉదయం 11 దాటాక గీత వణకడం మొదలైంది. 7.8 నుంచి 6.4కు పడి, మళ్లీ 7.5కు లేచి, మళ్లీ 5.9. అలా పన్నెండు నిమిషాలు. తర్వాత 5.1 దగ్గర చదునుగా పడుకుంది. అప్పుడే మామయ్య వెళ్లి ఆపేశారు.

ఆ పన్నెండు నిమిషాలూ బోరు ఆగి ఆగి పోసిన సమయం. నీటిమట్టం పంపు నోటి దాకా దిగింది, పంపు కాసేపు నీళ్లు, కాసేపు గాలి లాగింది. నీళ్లు లాగినప్పుడు బరువు, గాలి లాగినప్పుడు తేలిక. ఆ బరువు ఎక్కడం దిగడం ఇక్కడ అంకెల్లో కనబడుతోంది. సగటు పెద్దగా మారకముందే ప్రామాణిక విచలనం పదింతలు పెరిగింది! ఫిబ్రవరిలో మిద్దె మీద కూర్చుని విన్న పాఠం మా తోటలో, 420 అడుగుల లోతు నుంచి నాకు కనబడింది. చాలాసేపు ఆ గ్రాఫునే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 13

రెండు వారాల్లో ఎనిమిది రోజులు బోరు ఆగి ఆగి పోసింది. డేటాను 30 సెకన్ల ముక్కలుగా కోశాను, ఒక్కో ముక్క ముందుదానిలో సగాన్ని కలుపుకుంటుంది. ప్రతి ముక్కకు ఐదు కొలతలు: సగటు, ప్రామాణిక విచలనం, పైకి కిందికి మధ్య తేడా, ఎన్నిసార్లు జారింది, మొత్తం మీద వాలు ఎటు. రకాలు మూడు: నిండుగా, ఆగి ఆగి, ఖాళీ. వీటిని గుర్తుపట్టడానికి ఉదాహరణలు చూసి నేర్చుకునే చిన్న న్యూరల్ నెట్‌వర్కు, లోపల 12, 8 యూనిట్లతో రెండు పొరలు, చివర మూడు జవాబులు. మొత్తం నేర్చుకోవాల్సిన సంఖ్యలు 203.

99 శాతం సరిగ్గా చెప్పింది. ఇంట్లో అందరికీ చెప్పాను.

ఏప్రిల్ 15

ఆ 99 నిజం కాదు.

నిన్న, మొన్న వచ్చిన కొత్త డేటా ఇస్తే ఆగి ఆగి పోసిన ముక్కల్లో చాలా వాటిని 'నిండుగా' అంది. రాత్రి ఒంటిగంట దాకా కోడ్ వెతికాను. తప్పు కోడ్‌లో లేదు, నేను డేటాను పంచిన తీరులో ఉంది. అన్ని ముక్కలనూ కలిపి, పేకముక్కల్లా కలియబెట్టి, 80 శాతం నేర్పడానికి, 20 శాతం పరీక్షకు ఇచ్చాను. కానీ ఒక ముక్కలో సగం పక్క ముక్కలో ఉంది. 11 గంటల 4 నిమిషాల ముక్క నేర్పే వైపు పడితే, దాని తోడబుట్టినట్టున్న తర్వాతి ముక్క పరీక్షలో పడింది. అది నేర్చుకోలేదు, చూసిందాన్ని గుర్తుపట్టింది.

పరీక్ష పేపరును ముందురోజే చూసిన పిల్లవాడికి వచ్చిన మార్కులు అవి. దీన్ని డేటా లీకేజీ అంటారని కోర్సులో ఒక స్లైడులో ఉంది. అసైన్‌మెంటులో ఆ ప్రశ్నకు సరైన జవాబే పెట్టాను కూడా. తెలిసి ఉండటం, పట్టుకోగలగడం ఒకటి కాదు.

ఇప్పుడు రోజుల వారీగా పంచాను. ఆరు రోజులు నేర్పడానికి, రెండు రోజులు పూర్తిగా పరీక్షకు. ఏ రోజూ రెండు వైపులా ఉండదు. వచ్చింది 78 శాతం. ఈ అంకెను నమ్ముతాను.

ఏప్రిల్ 27

పరీక్షలు అయిపోయాయి. పొద్దున ఆరున్నర బస్సుకు నెల్లూరు వెళ్లి, ఒక ఇంజినీరింగ్ కాలేజీలో కంప్యూటరు ముందు రాశాను. నా చుట్టూ అంతా బీటెక్ పిల్లలు. మెషీన్ లెర్నింగ్ పేపరులో ట్రైనింగ్, టెస్టింగ్ డేటా మీద ఒక ప్రశ్న వచ్చింది. చదవగానే చేయి ఆగకుండా జవాబు పెట్టాను.

తిరిగొస్తూ కూరగాయలు, ఒక కొత్త ఎస్‌డీ కార్డు కొన్నాను. ఎండకు పాతది రెండుసార్లు మొండికేసింది.

మే 4

78 ఎందుకు దాటడం లేదో ఈ వారం తేలింది. తేల్చింది మెకానిక్ అన్న.

నా గ్రాఫులు పట్టుకుని ఆయన షాపుకే వెళ్లాను. ఫిబ్రవరిలో నిండుగా పోసినప్పుడు 7.9 ఆంపియర్లు, ఇప్పుడు నిండుగా పోస్తున్నా 7.0. పొద్దున ఆరున్నరకు ఒక లెక్క, పదకొండింటికి ఇంకో లెక్క. ఆయన వైండింగ్ చేస్తున్న చేయి ఆపకుండానే రెండు కారణాలు చెప్పారు.

ఒకటి, నీటిమట్టం దిగింది. ఎక్కువ లోతు నుంచి ఎత్తాలి కాబట్టి పంపు ఇచ్చే నీళ్లు తగ్గుతాయి. మా రకం పంపులో నీళ్లు తగ్గితే మోటారు మీద బరువు, దాంతో కరెంటు కూడా తగ్గుతాయి. రెండోది వోల్టేజీ. ఊళ్లో మోటార్లన్నీ ఆడుతున్నప్పుడు వోల్టేజీ పడిపోతుంది, బరువు మీద ఉన్న మోటారు అప్పుడు ఎక్కువ ఆంపియర్లు లాగుతుంది. పొద్దున్నే వోల్టేజీ ఎక్కువ, ఆంపియర్లు తక్కువ. కానీ నీళ్లు లేక ఉత్తినే తిరిగే మోటారు సంగతి తలకిందులు. దానికి వోల్టేజీ పెరిగితే ఆంపియర్లూ పెరుగుతాయి.

అంటే వోల్టేజీ ఎక్కువగా ఉన్న పొద్దుటిపూట నిండు బోరు అంకె కిందికి దిగుతుంది, ఖాళీ బోరు అంకె పైకి లేస్తుంది, రెండూ దగ్గరవుతాయి. మే నెలలో మట్టం కూడా దిగిందంటే ఇంకా దగ్గర. 'ఇన్ని ఆంపియర్ల కంటే తగ్గితే ఆపు' అని ఒక గీత గీసి వదిలేస్తే జనవరిలో సరిపోయిన గీత మేలో సరిపోదు. మామయ్య తీసేయించిన ఆ పాత పరికరం ఎందుకు అలా చేసిందో నాకు ఈరోజు అర్థమైంది. నా మోడల్, అంటే ఆ నెట్‌వర్కు కూడా సగటు కరెంటునే ఎక్కువగా నమ్ముకుంది, అందుకే అదే తప్పు చేసింది.

మే 11

సగటును నేరుగా ఇవ్వడం మానేశాను. ఆ రోజు మోటారు ఆన్ అయ్యాక గడిచిన అరగంటలో వచ్చిన విలువల మధ్యగతం తీసుకుని, ఇప్పటి విలువ దానికి ఎంత వంతు ఉందో అది ఇస్తున్నాను. 0.98, 1.01, 0.73, ఇలా. ఫిబ్రవరి అయినా మే అయినా నిండు బోరు 1 దగ్గరే ఉంటుంది. సగటు బదులు మధ్యగతం ఎందుకంటే, పక్క తోటల మోటార్లు ఒకేసారి ఎత్తుకున్నప్పుడు వచ్చే కుదుపులకు అది చెదరదు.

ఒక్క ఫీచరు, అంటే నెట్‌వర్కుకు ఇచ్చే ఒక్క కొలత మారిస్తే 78 కాస్తా 93కు వచ్చింది. పొరలు పెంచి, యూనిట్లు పెంచి రెండు వారాలు చేసిన ప్రయత్నాలన్నీ కలిపి 80 దాటించలేదు.

తర్వాత ఒక ఆలోచన వచ్చింది. ఈ ఐదు కొలతలనే, అవును-కాదు ప్రశ్నలు వరసగా అడిగి జవాబు తేల్చే మూడు మెట్ల డెసిషన్ ట్రీకి ఇస్తే? ఇచ్చాను. 92. నెట్‌వర్కును బోర్డులో పెట్టాలంటే టెన్సర్‌ఫ్లో లైట్ మైక్రో లైబ్రరీ కావాలి, సంఖ్యలను 8 బిట్లకు కుదించాలి, పని చేసుకోవడానికి విడిగా మెమరీ కేటాయించాలి. ఈఎస్పీ32లో 520 కిలోబైట్ల ర్యామ్ ఉంది కాబట్టి అవన్నీ పడతాయి, చేసి చూశాను కూడా. కానీ ట్రీ అంటే కోడ్‌లో కొన్ని ఇఫ్-ఎల్స్ వాక్యాలు. ఎందుకు ఆపిందో వేలు పెట్టి చూపించవచ్చు. మామయ్య అడిగితే "ఇదిగో, ఇంత ఊగింది, ఇంతకు తగ్గింది, అందుకు ఆపింది" అని చెప్పగలగాలి. ట్రీనే పెట్టాను. నెట్‌వర్కు చేసిన కష్టం వృథా అని నేను అనుకోవడం లేదు. పక్కన అది లేకపోతే ట్రీ చాలునని నాకు తెలిసేది కాదు.

మే 18

బోర్డు చెప్పగానే మోటారును ఆపే స్విచ్చు, అంటే రిలే దగ్గర పెద్ద తప్పు చేయబోయి ఆగాను. 5 వోల్టుల రిలే మాడ్యూల్ కొన్నాను, దాని మీద 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని రాసి ఉంది. స్టార్టరులో మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు కాయిల్ లాగేది చాలా తక్కువ కరెంటు కదా, సరిపోతుందనుకున్నాను. మెకానిక్ అన్న రిలే చేతిలోకి తీసుకుని, "ఆంపియర్లు చూసినావు, వోల్టులు చూడలా. మన కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉండాది, 415" అన్నారు. 250 వోల్టుల దానికి 415 ఇస్తే లోపల నిప్పురవ్వలు లేచి కాంటాక్టులు అతుక్కుపోవచ్చు. అప్పుడు పెట్టె 'ఆపు' అన్నా మోటారు ఆగదు.

ఆయన దగ్గరే 12 వోల్టుల డీసీ కాయిల్ ఉన్న, 440 వోల్టులకు సరిపడే కాంటాక్టులున్న రిలే దొరికింది. నా బోర్డు ఒక ట్రాన్సిస్టరు ద్వారా దాన్ని నడుపుతుంది, అది స్టార్టరులో స్టాప్ బటన్‌తో వరసగా ఉంటుంది. నా పెట్టె చెడిపోయినా, బ్యాటరీ అయిపోయినా మామూలు బటన్లతో మోటారు ఎప్పటిలాగే ఆడేలా కలిపాం. ఇది మామయ్య పెట్టిన షరతు, న్యాయమైన షరతు.

ఒక్క ముక్క చూసి ఆపదు. వరసగా నాలుగు ముక్కలు 'ఖాళీ' అంటేనే, లేదా పది ముక్కలు 'ఆగి ఆగి' అంటేనే ఆపుతుంది. తప్పుగా ఆపితే పోయేది ఓ గంట నీళ్లు. వ్యవసాయ కరెంటు పగలు తొమ్మిది గంటలే కాబట్టి అదీ తక్కువ కాదు. ఆపకపోతే పోయేది మోటారు. ఈ రెండింటినీ తూచి పెట్టిన అంకెలు ఇవి.

మే 26

అత్తమ్మ, మామయ్య నరసింహస్వామి దర్శనానికి పెంచలకోన వెళ్లారు. మా ఆయన నెల్లూరులో. తోటలో నేను ఒక్కదాన్నే. 11 గంటల 42 నిమిషాలకు మోటారు దానంతట అదే ఆగింది.

పైపు దగ్గరికి పరిగెత్తాను. చివరి నీళ్లు వెనక్కి జారుతున్న చప్పుడు వినబడుతోంది. కార్డు తీసి చూస్తే వరసగా పది 'ఆగి ఆగి'. సరిగ్గానే ఆపింది. గంట తర్వాత నేనే బటన్ నొక్కాను, నీళ్లు నిండుగా వచ్చాయి. పోయిన ఏడాది మోటారు కాలింది ఇదే వేళకు, ఇలాగే ఎవరూ లేనప్పుడు. కాలువ గట్టు మీద కూర్చుని మామయ్యకు ఫోన్ చేశాను. మాట సరిగా రాలేదు. "నీళ్లు పడుతున్నాయి గదా, ఇంక ఏడుపెందుకమ్మా" అన్నారు.

జూన్ 3

మామయ్య ఏప్రిల్ నుంచి నాకు చెప్పకుండానే ఒక పని చేస్తున్నారు. వంటింటి గోడ మీది క్యాలెండరులో, తేదీ గళ్లల్లో పెన్సిలుతో టైములు రాస్తున్నారు. '11-10 ఆగి ఆగి.' '10-50 గాలి.' తోటలో ఉన్నప్పుడు బోరు శబ్దం మారిన ప్రతిసారీ గుర్తు పెట్టుకుని వచ్చి రాసేవారట. పదకొండు రోజుల లెక్క. అంతకంటే మంచి లేబుళ్లు, అంటే ఏది ఏ రకమో చెప్పే గుర్తులు, ఏ కోర్సు ఫైలులోనూ ఉండవు.

వాటిని నా రికార్డుతో పక్కపక్కన పెట్టాను. మొదట ఏదీ సరిపోలేదు, ఆయన రాసినవన్నీ నాకంటే వెనక ఉన్నాయి. చివరికి ఆయన చేతి గడియారాన్ని నా డీఎస్3231 పక్కన పెట్టి చూస్తే అది ఏడు నిమిషాలు ముందుంది. డీఎస్3231 ఏడాదికి ఒకటి రెండు నిమిషాలకు మించి తప్పదు, ఫోను టైముతో కూడా సరిచూశాను. ఏడు నిమిషాలు తీసేశాను.

ఎనిమిది రోజులు ఆయన రాసిన టైము, కరెంటు వణకడం మొదలైన టైము నిమిషం తేడాలో కలిశాయి. మిగిలిన మూడు రోజుల్లో ఆయనే ముందున్నారు. ఒకరోజు నాలుగు నిమిషాలు, రెండు రోజులు మూడేసి నిమిషాలు. ఆ సమయంలో నా గ్రాఫులో ఏమీ లేదు. గీత చదునుగా ఉంది, విచలనం పెరగలేదు, ట్రీ 'నిండుగా' అంటోంది.

"అప్పుడు మీకు ఎట్టా తెలిసింది మామయ్యా?" అని అడిగాను.

"పైపులో సన్నగా సుయ్‌మంటది. నీళ్లు అట్టాగే పోస్తా ఉంటాయి, సన్న కూడా పడవు. కానీ ఆ మోత మారిపోద్ది" అన్నారు.

నీళ్లలో గాలి బుడగలు కలవడం మొదలయ్యాక, మోటారు మీద బరువు తగ్గేంత గాలి చేరే లోపు కొంత సమయం ఉంటుంది. ఆ సమయంలో కరెంటుకు చెప్పడానికి ఏమీ లేదు. శబ్దానికి ఉంది. నేను సీటీ బిగించి మోటారు వైపు నుంచే బోరును వింటున్నాను. ఆయన పైపు వైపు నుంచి వింటున్నారు.

జూన్ 11

కోర్సుల్లో రెండూ పాసయ్యాను. మెషీన్ లెర్నింగ్‌లో 71, ఎంబెడెడ్‌లో 76.

ఐఎన్ఎంపీ441 మైకు వచ్చింది. వేలిగోరంత ఉంది, శబ్దాన్ని అంకెలుగా పంపే ఐ2ఎస్ తీగల ద్వారా నేరుగా ఈఎస్పీ32కు అంకెలే పంపుతుంది, మధ్యలో అనలాగ్ బాధ లేదు. 'యెస్', 'నో' మాటలు గుర్తుపట్టే పాఠంలో శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ ఫ్రీక్వెన్సీ ఎంత ఉందో బొమ్మలా మార్చడం నేర్పారు. జనవరిలో అది నా పనికి సంబంధం లేని అభ్యాసం అనుకున్నాను. ఇప్పుడు ఆ కోడ్ మళ్లీ తెరిచాను. ఈసారి ఇఫ్-ఎల్స్ సరిపోవు, నెట్‌వర్కు నిజంగా కావాలి.

సాయంత్రం మైకును చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, తడి తగలకుండా మూతికి పల్చటి గుడ్డ కట్టి తోటకు తీసుకెళ్లాను. డెలివరీ పైపు చివర, నీళ్లు తొట్టిలో పడేచోట కట్టబోతుంటే మామయ్య వచ్చి ఆపారు.

"ఆడ వద్దు. ఆడ నీళ్లు పడే చప్పుడు తప్ప ఇంకేం వినపడదు." డబ్బా నా చేతిలోంచి తీసుకుని, బోరు కేసింగ్ పైన పైపు వంపు తిరిగేచోటుకు నడిచారు. పైపు మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డారు, తర్వాత చెయ్యి రెండంగుళాలు కిందికి జరిపారు.

"ఇక్కడ కట్టు."

అక్కడే కట్టాను. మొదటి రికార్డింగు 5 గంటల 20 నిమిషాలకు మొదలైంది.